ల్యాబ్ కిడ్నీ వచ్చేదాకా ఆగుదామా?

ప్రశ్న: మా నాన్నకి 58 ఏళ్ళు. చాలా కాలంగా షుగర్ ఉంది. రెండు కిడ్నీలూ బాగా దెబ్బతిన్నాయి, అవి సుమారు ఎంత శాతం పనిచేస్తున్నాయో చెప్పే అంకె ఈజీఎఫ్‌ఆర్ 13కి దిగింది. డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు. కిడ్నీ మార్పిడి గురించి ఇప్పుడే ఆలోచించుకోమని డాక్టరుగారు అన్నారు. అమ్మకి 52. తన కిడ్నీ ఇస్తానంటోంది. కానీ నాన్నది ఓ పాజిటివ్, అమ్మది బి పాజిటివ్. పైగా నాన్న ‘నా కోసం మీ అమ్మని కోయిస్తానా’ అని మొండికేశారు. ‘పంది కిడ్నీలు పెడుతున్నారట, స్టెమ్ సెల్స్‌తో ల్యాబులో కిడ్నీలే తయారుచేస్తున్నారట, రెండు మూడేళ్ళు ఓపిక పడితే చాలు’ అంటారు. ఈలోగా మా అన్నయ్య ఒక స్టెమ్ సెల్ సెంటర్‌కి వెళ్ళొచ్చాడు. పొట్ట దగ్గర కొవ్వులోంచి కణాలు తీసి మూడు విడతలు ఇంజెక్షన్లు ఇస్తే కిడ్నీలు మళ్ళీ పనిచేస్తాయన్నారట. నాకిప్పుడు ఏడో నెల. బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచిపెడితే తాతయ్యకి పనికొస్తుందని కూడా వాళ్ళే చెప్పారట. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక కూతురు

సమాధానం: మీకు నిద్ర ముఖ్యం కాబట్టి జవాబులు ముందే చెప్పేస్తానమ్మా, కారణాలు తర్వాత చదువుకోండి. ల్యాబ్ కిడ్నీ కోసం ఆగొద్దు. ఆ ఇంజెక్షన్లు వద్దు. తాతయ్య కోసం బొడ్డుతాడు రక్తం దాచాల్సిన పని లేదు. ఇక అమ్మగారి బ్లడ్ గ్రూప్ కలవలేదని మీరంతా నిరుత్సాహపడ్డారు చూడండి, అక్కడ మాత్రం దారి మూసుకుపోలేదు. ఈ ఇరవై ముప్ఫై ఏళ్ళలో వైద్యం నిజంగా ముందుకెళ్ళిన చోట్లలో అదొకటి.

మీ ఉత్తరంలో నాకు నచ్చిన మాట ‘డయాలసిస్ ఇంకా మొదలుపెట్టలేదు’ అన్నది. మీకు తెలియకుండానే మంచి సమయంలో అడిగారు. ఈజీఎఫ్‌ఆర్ 20 కంటే తగ్గితే మార్పిడికి సన్నాహాలు మొదలుపెట్టవచ్చు. డయాలసిస్ అవసరం పడకముందే కొత్త కిడ్నీ పెట్టగలిగితే అందరికంటే బాగా ఉండేది ఆ పేషెంట్లే. డయాలసిస్ మీద గడిపిన కాలం పెరిగేకొద్దీ గుండె, రక్తనాళాలు దెబ్బతింటాయి. తర్వాత పెట్టిన కిడ్నీ కూడా అంత ఎక్కువ కాలం నిలవదు. డయాలసిస్ ప్రాణం నిలబెడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ రెండు కిడ్నీలు రాత్రింబవళ్ళు చేసే పనిలో పదో వంతుకి కాస్త అటూ ఇటూ మాత్రమే అది చేయగలదు. అందుకే మీ నాన్నగారి ‘రెండు మూడేళ్ళ ఓపిక’ ఆయన అనుకున్నంత చవకగా రాదు. ఆ ఓపిక ఖరీదు ఆయన గుండె కట్టాల్సి ఉంటుంది.

అలాగని అంకె 13కి వచ్చిందని భయపడి రేపే డయాలసిస్‌కి పరుగెత్తక్కర్లేదు. లక్షణాలు లేకుండా కేవలం అంకె చూసి తొందరగా మొదలుపెడితే ఆయుష్షు ఏమీ పెరగదని 2010లో వచ్చిన ‘ఐడియల్’ అనే పెద్ద అధ్యయనం తేల్చింది. ఎప్పుడు మొదలుపెట్టాలో మీ కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్ట్) చూసుకుంటారు. మీరు చూసుకోవాల్సింది, ఈలోగా దొరికిన నెలలు వృథా కాకుండా.

ఇప్పుడు ఆ ఇంజెక్షన్ల సంగతి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. రక్తాన్ని వడగట్టే చిన్న జల్లెడ, దాని వెనక కావలసిన నీటినీ ఉప్పునీ వెనక్కి లాక్కునే సన్నటి గొట్టం కలిస్తే ఒక నెఫ్రాన్. ఇవి తయారయ్యేది తల్లి కడుపులోనే. 36 వారాల ప్రాంతంలో ఆ పని ఆగిపోతుంది, ఆ తర్వాత జీవితంలో ఒక్క కొత్త నెఫ్రాన్ కూడా పుట్టదు. ఏడో నెల అన్నారు కదా, మీ బిడ్డకి ఆ పని ఇప్పుడు జోరుగా సాగుతోంది. మీ నాన్నగారికి అది 58 ఏళ్ళ కిందటే ముగిసింది. ఇన్నేళ్ళ షుగర్‌కి ఆ జల్లెడలు మచ్చలు కట్టి పూడిపోయాయి.

కొవ్వులోంచి తీసే కణాలు నెఫ్రాన్లుగా మారవు. వాటిని మీసెంకైమల్ కణాలంటారు. వాపునీ, రోగనిరోధక శక్తి దూకుడునీ కాస్త తగ్గించే గుణం వాటికి ఉందని పరిశోధకులు పరీక్షిస్తున్నారు, అది నిజమైన పరిశోధనే. అంతమాత్రాన మచ్చకట్టిన కిడ్నీ మళ్ళీ మొలకెత్తుతుందని మనుషుల మీద పద్ధతిగా చేసే ఏ పరీక్షా (ట్రయల్) చూపించలేదు. ఇసుక, సిమెంటు తెచ్చి ఖాళీ స్థలంలో కుప్పపోసినంత మాత్రాన మేడ లేచి నిలబడదు కదా.

‘పోనీ, మన కణాలే కదా, పనిచేయకపోయినా నష్టమేముంది’ అని అన్నయ్య అనొచ్చు. నష్టం ఉంది. సొంత రోగనిరోధక శక్తే శరీరం మీద దాడిచేసే లూపస్ అనే జబ్బు వల్ల కిడ్నీలు పాడైన ఒకావిడకి ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఆమె స్టెమ్ సెల్స్‌నే, అంటే మూలకణాలనే, నేరుగా కిడ్నీల్లోకి ఎక్కించారు. పొడిచిన చోటల్లా రక్తనాళాలతో నిండిన గడ్డలు పెరిగాయి, ఒక కిడ్నీ తీసేయాల్సి వచ్చింది, ఆవిడ చివరికి బతకలేదు. ఈ కేసు 2010లో కిడ్నీ వైద్యుల పత్రికలో వచ్చింది. పొట్ట కొవ్వు కణాలను కళ్ళలోకి ఎక్కించుకుని ముగ్గురు స్త్రీలు చూపు పోగొట్టుకున్న సంగతి 2017లో బయటికి వచ్చింది. మన కణమే అయినా దాన్ని దాని చోటు నుంచి తీసి, శుభ్రం చేసి, ఇంకోచోట వదిలితే అది ఏం చేస్తుందో ముందుగా తేల్చుకోవాల్సిందే.

మీ అన్నయ్యని తప్పుపట్టకండి, ఆయన ఆశతో వెళ్ళారు. మళ్ళీ వెళ్తే మాత్రం నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసిచ్చి పంపండి. ఇది ఆమోదం పొందిన చికిత్సా, పరిశోధనా? పరిశోధనైతే పేషెంట్ దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు? నిజమైన ట్రయల్స్‌లో మందు ఖరీదు పేషెంట్ మీద వేయడం చాలా అరుదు. ఈజీఎఫ్‌ఆర్ ఎంతమందిలో ఎంత పెరిగింది, ఏ వైద్య పత్రికలో అచ్చయింది? గడ్డలు గానీ ఇన్ఫెక్షన్ గానీ వస్తే రెండేళ్ళ తర్వాత కూడా చూసే బాధ్యత ఎవరిది? జవాబుగా కోలుకున్నవాళ్ళ వీడియోలు చూపిస్తే లేచి వచ్చేయడమే. ‘మా ట్రయల్ ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉంది’ అన్నా మోసపోవద్దు. రిజిస్ట్రీలో పేరు ఉండడం అంటే నమోదు చేసుకున్నారని మాత్రమే, అది పనిచేస్తుందని ఎవరూ సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. నన్నడిగితే ఇంకో గుర్తు చెబుతాను. మోకాళ్ళ నొప్పికీ, ఆటిజానికీ, షుగర్‌కీ, కిడ్నీకీ అదే ఇంజెక్షన్ రాసే చోట రోగం మీద శ్రద్ధ ఎంత ఉందో ఊహించుకోవచ్చు.

స్టెమ్ సెల్స్ అంటేనే మోసమని దీని అర్థం కాదు. అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1950లలో ఎముక మజ్జ మార్పిడి మొదలుపెట్టినప్పటి నుంచి రక్తాన్ని పుట్టించే మూలకణాలు లెక్కలేనంతమంది లుకేమియా (రక్త క్యాన్సర్) రోగులని బతికించాయి. ఆయనకి 1990లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది ఆ బహుమతిని పంచుకున్న రెండో మనిషి జోసెఫ్ ముర్రే. 1954 డిసెంబరులో బోస్టన్‌లో కవల సోదరుల మధ్య మొట్టమొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసిన సర్జన్ ఆయనే. మామూలు చర్మకణాన్ని వెనక్కి తిప్పి మూలకణంగా మార్చవచ్చని షిన్యా యమనాకా 2006లో ఎలుకల్లో, 2007లో మనుషుల కణాల్లో చూపించారు. 2023 చివర్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బుకి, పేషెంట్ సొంత మూలకణాల్లో జన్యువుని మార్చి మళ్ళీ ఎక్కించే క్రిస్పర్ చికిత్సకి బ్రిటన్, అమెరికా ఆమోదం తెలిపాయి.

షుగర్ విషయంలోనూ పెద్ద అడుగే పడింది. ల్యాబులో మూలకణాల నుంచి తయారుచేసిన ఇన్సులిన్ కణాలని టైప్ 1 (శరీరంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే నశించిపోయే రకం షుగర్) రోగులకి ఎక్కించారు. పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం లేకపోయింది. ఆ ఫలితాలు 2025 జూన్‌లో వచ్చాయి. నాన్నగారు ఈ వార్త చూసి ఇంకో ఆశ పెట్టుకునేలోపే చెబుతున్నాను: అది టైప్ 1 వాళ్ళలో, అదీ షుగర్ ప్రమాదకరంగా పడిపోతూ ఉండేవాళ్ళలో చేసింది. వాళ్ళు కూడా అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళలాగే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుకోవాలి. ఆయన వయసునీ, చెప్పిన తీరునీ బట్టి ఆయనది టైప్ 2 అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇవన్నీ పనిచేసిన చోట్లు గమనించండి. రక్తం, ఇన్సులిన్ కణం. ఒకే రకం కణమో, ఒక చిన్న కణాల గుంపో, ఎక్కిస్తే తన చోటు తాను వెతుక్కునేదో, ఎక్కడ ఉన్నా తన పని తాను చేసుకునేదో అయితే మూలకణాలు గెలుస్తున్నాయి. కిడ్నీ అలా కాదు. ఇరవైకి పైగా రకాల కణాలు వరసగా, కొలతగా అమరాలి, ప్రతి జల్లెడకీ రక్తనాళం తగలాలి, తయారైన మూత్రం బయటికి పోయే దారి ఉండాలి. 2015లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మెలిస్సా లిటిల్ బృందం మూలకణాల నుంచి బుల్లి కిడ్నీ ముద్దలని పెంచింది. వాటిని ఆర్గనాయిడ్లు అంటారు. మందుల విషప్రభావం పరీక్షించడానికీ, వంశపారంపర్య కిడ్నీ జబ్బులు అర్థం చేసుకోవడానికీ అవి ఎంతో పనికొస్తున్నాయి. మనిషికి పెట్టే కిడ్నీకీ వాటికీ మధ్య ఇంకా చాలా దూరం ఉంది. నాన్నగారు చదివిన ‘ల్యాబ్ కిడ్నీ’ వార్తలు బహుశా వీటి గురించే అయ్యుంటాయి. శీర్షిక రాసినవాళ్ళు ‘బుల్లి’ అన్న మాట ఎగరగొట్టి ఉంటారు.

తొందరపడితే ఏమవుతుందో కూడా ఈ రంగం చూసింది. పావోలో మకియారీనీ అనే సర్జన్ 2011లో ప్లాస్టిక్ శ్వాసనాళానికి పేషెంట్ మూలకణాలు పూసి అమర్చారు. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. అలాంటి నాళాలు పెట్టించుకున్నవాళ్ళలో చాలామంది చనిపోయారు. 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు ఆయనకి రెండున్నరేళ్ళ జైలు శిక్ష వేసింది.

పంది కిడ్నీ సంగతి వేరు, అది నిజంగానే దగ్గరికొస్తోంది. 2024 మార్చిలో బోస్టన్‌లో 62 ఏళ్ళ మనిషికి జన్యువుల్లో 69 మార్పులు చేసిన పంది కిడ్నీ పెట్టారు. మన శరీరం చూడగానే దాడిచేసే పంది చక్కెర పదార్థాలని తయారుచేసే 3 జన్యువులు తీసేశారు, 7 మనిషి జన్యువులు చేర్చారు, పంది జన్యువుల్లో దాక్కున్న వైరస్ ముక్కలు 59 చోట్ల పనిచేయకుండా చేశారు. సుమారు రెండు నెలలకి ఆయన చనిపోయారు. మరణానికి ఆ కిడ్నీ కారణమని ఆనవాలు లేదని ఆసుపత్రి చెప్పింది. 2024 నవంబరులో న్యూయార్క్‌లో ఒకావిడకి పెట్టినది 130 రోజులు పనిచేశాక, శరీరం తిరస్కరించడంతో తీసేశారు. 2025 జనవరిలో పెట్టిన ఇంకొకటి 271 రోజులు నడిచింది. ఆ ఏడాదే అమెరికాలో మందులకీ చికిత్సలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సరైన క్లినికల్ ట్రయల్స్‌కి అనుమతి ఇచ్చింది.

ఈ లెక్కలు చూసి నేను ఉత్సాహపడతాను. నాన్నగారు చూడాల్సిన లెక్క మాత్రం ఇంకొకటి ఉంది. పంది కిడ్నీ ఇప్పుడు రోజుల్లో, నెలల్లో కొలిచే దశలో ఉంది. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సగటున 15 నుంచి 20 ఏళ్ళు పనిచేస్తుంది. ట్రయల్స్ మొదట చూసేది కూడా మనిషి కిడ్నీ దొరికే ఆశ లేనివాళ్ళని. ఇంట్లో ఇస్తానని నిలబడ్డ మనిషి ఉన్న పేషెంట్ ఆ వరసలో ముందుండడు. ఈరోజు అమ్మగారి ద్వారా వచ్చిన కిడ్నీ పదిహేనేళ్ళు పనిచేసి అలిసిపోతే, అప్పటికి పంది కిడ్నీ పద్ధతి ఎంత గట్టిపడి ఉంటుందో చూసుకోవచ్చు. ఆయన ఆశని నేను కొట్టేయడం లేదు, రెండో విడతకి దాచుకోమంటున్నాను.

ఇక బ్లడ్ గ్రూప్. పాజిటివ్, నెగటివ్ అన్నది కిడ్నీకి పట్టింపు కాదు, ఎ, బి, ఓ ముఖ్యం. ఓ గ్రూపు మనిషి రక్తంలో బి గ్రూపు మీద దాడిచేసే యాంటీబాడీలు పుట్టుక తర్వాత కొద్ది నెలలకే తయారై ఉంటాయి. ఒకప్పుడు ఇది పూర్తి అడ్డంకి. 1980ల చివరి నుంచి జపాన్ వైద్యులు దీని మీద గట్టిగా పనిచేశారు, ఎందుకంటే అక్కడ మరణించినవాళ్ళ అవయవాలు చాలా తక్కువ దొరికేవి. ఇప్పుడు పద్ధతి ఇలా ఉంటుంది. యాంటీబాడీల మోతాదు కొలుస్తారు. రిటుక్సిమాబ్ అనే మందుతో అవి కొత్తగా పుట్టకుండా ఆపుతారు. ప్లాస్మా మార్పిడితో రక్తంలో ఉన్నవాటిని వడకట్టేస్తారు. మోతాదు దిగాక మార్పిడి చేస్తారు. మొదటి రెండు వారాలు కత్తిమీద సాము, అవి దాటితే కిడ్నీ ఆ వాతావరణానికి అలవాటు పడిపోతుంది. మొదటి ఏడాది ఇన్ఫెక్షన్లూ తిరస్కారమూ మామూలు మార్పిడికంటే కొంచెం ఎక్కువే. దీర్ఘకాలంలో తేడా బాగా తగ్గిపోతుంది. నాన్నగారి మోతాదు ఎంతుందో ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది, ముందు అది చేయించండి.

రెండో దారి దాతలని ఇచ్చిపుచ్చుకోవడం. మీలాంటి జంట ఇంకొకటి ఉంటుంది. వాళ్ళ దాత కిడ్నీ మీ నాన్నగారికి, మీ అమ్మగారి కిడ్నీ వాళ్ళ పేషెంట్‌కి. దక్షిణ కొరియాలో 1991లో మొదలైన ఈ పద్ధతిని ఆల్విన్ రోత్ అనే ఆర్థికవేత్త గణితంతో పెద్ద ఎత్తున నడిచేలా చేశారు. జంటలని జతకూర్చే సిద్ధాంతానికి 2012లో ఆయనకి ఆర్థికశాస్త్ర నోబెల్‌లో వాటా వచ్చింది.

ఇక్కడొక చిక్కుంది, ముందే తెలిస్తే నిరాశ ఉండదు. నాన్నగారికి ఓ గ్రూపు దాతే కావాలి. ఓ గ్రూపు దాత గ్రూపు పరంగా ఎవరికైనా ఇవ్వగలడు, కాబట్టి తన ఇంటివాళ్ళకే నేరుగా ఇచ్చేస్తాడు, ఈ ఇచ్చిపుచ్చుకునే జాబితాలోకి రావడమే తక్కువ. మరి వచ్చేదెవరు? గ్రూపు కలిసినా వేరే కారణంతో కుదరనివాళ్ళు. ఉదాహరణకి, భర్త ఓ, భార్య బి, కిడ్నీ కావలసింది భార్యకి. కాన్పుల సమయంలో బిడ్డ ద్వారా భర్త కణాల గుర్తులు తెలుసుకున్న ఆవిడ శరీరం వాటి మీద యాంటీబాడీలు తయారుచేసుకుని ఉంటుంది. ఆయన కిడ్నీ ఆవిడకి పనికిరాదు, కానీ మీ నాన్నగారికి పనికిరావచ్చు. మీ అమ్మగారిది ఆవిడకి సరిపోవచ్చు. ఇలాంటి జంట దొరికేదాకా వేచి ఉండాలి. అందుకని ఈ ఇచ్చిపుచ్చుకునే జాబితాలో పేరు రాయించండి, అదే సమయంలో గ్రూపు దాటి చేసే పద్ధతికి పరీక్షలూ జరిపించండి. మరణించిన దాతల జాబితాలో కూడా పేరు ఉండనివ్వండి. మూడూ ఒకేసారి నడవవచ్చు, ఏది ముందు పండితే అది. అన్ని ఆసుపత్రులూ అన్నీ చేయవు, కాబట్టి ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ని ఈ మూడింటి గురించీ విడివిడిగా అడగాలి.

మూడో మాట ఒకటి ఉంది, చెప్పనా వద్దా అని ఆలోచించి చెబుతున్నాను. తండ్రిది ఓ, తల్లిది బి అయినప్పుడు పిల్లలు బి అయినా కావచ్చు, ఓ అయినా కావచ్చు. సెంటర్ల చుట్టూ తిరిగొచ్చిన మీ అన్నయ్య ఏ గ్రూపో మీరు రాయలేదు. ఆయన ఓ అయితే పరీక్షలకి ఆయన్నీ పిలవవచ్చు. అయితే తండ్రికి షుగర్ ఉన్నప్పుడు కొడుక్కీ వచ్చే అవకాశం ఎక్కువ. వయసులో చిన్నవాళ్ళు ముందున్న నలభై యాభై ఏళ్ళు ఒకే కిడ్నీతో గడపాలి కనక డాక్టర్లు వాళ్ళ విషయంలో ఎక్కువ జాగ్రత్త పడతారు. ఇద్దరూ ఆరోగ్యంగా ఉంటే 52 ఏళ్ళ అమ్మగారే మంచి దాత కావచ్చు. మీరు మాత్రం ఈ లెక్కలోకి రాకండి. ముందు బిడ్డ.

నాన్నగారి మొండితనం దగ్గరికి వద్దాం. ‘కోయిస్తానా’ అన్న మాటలో ప్రేమ ఉంది, భయమూ ఉంది. రెండింటికీ లెక్కలతో జవాబు చెప్పాలి. దాతకి ఆపరేషన్‌లో ప్రాణాపాయం 10 వేలమందికి ముగ్గురని 2010 నాటి అమెరికా లెక్క. 2024లో వచ్చిన లెక్కలో అది ఒకరికి దిగింది. ఇప్పుడు ఎక్కువగా చిన్న రంధ్రాల ద్వారా చేసే కీహోల్ పద్ధతిలో చేస్తున్నారు. ఒక కిడ్నీ పోయినా మిగిలింది పని పెంచుకుని, మొదటి మొత్తంలో మూడింట రెండొంతులదాకా అందుకుంటుంది. అపాయం సున్నా అని ఎవరైనా అంటే నమ్మకండి. దాతకి జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా పాడయ్యే అవకాశం 10 వేలకి 90 అనీ, అంతే ఆరోగ్యంగా ఉండి కిడ్నీ ఇవ్వనివాళ్ళలో 14 అనీ 2014 అధ్యయనం చూపించింది. పెరుగుదల నిజం, మొత్తం మీద నూటికి ఒకరికంటే తక్కువ అన్నదీ నిజం. అమ్మగారికి బీపీ, షుగర్, మూత్రంలో ప్రొటీన్ లేవని తేలాకే ఈ లెక్క వర్తిస్తుంది. ఆ పరీక్షల్లో ఏదైనా తేడా వస్తే డాక్టర్లే ఆవిణ్ణి వద్దంటారు.

రక్తసంబంధం లేని భార్య కిడ్నీ ఏం కలుస్తుందిలే అన్న అనుమానం ఆయనకి ఉంటే, దానికి 1995లోనే జవాబు వచ్చింది. కణాల గుర్తులు సరిగా కలవకపోయినా, భార్యాభర్తలు ఇచ్చుకున్న కిడ్నీలు మరణించిన దాతల కిడ్నీలకంటే బాగా పనిచేశాయి. మూడేళ్ళ తర్వాత నూటికి 85 పనిచేస్తుంటే, మరణించిన దాతలవి 70. బతికున్న మనిషి నుంచి ఆరోగ్యంగా తీసి వెంటనే పెట్టడమే ఆ తేడాకి కారణం.

అమ్మగారితో మీరొక్కరే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి కూర్చోండి. ‘ఇస్తాను’ అన్నది ఆవిడ మనసులోంచి వచ్చిందా, భార్యగా అనాలి కాబట్టి అన్నదా అని అడగండి. మంచి కేంద్రాల్లో దాతతో ఒంటరిగా మాట్లాడే డాక్టరు వేరే ఉంటారు. ఆవిడ చివరి నిమిషంలో వద్దనుకున్నా ఇంట్లో మాట రాకుండా ‘వైద్య కారణాల వల్ల కుదరలేదు’ అని మాత్రమే చెబుతారు. ఈ సౌకర్యం ఉందని ఆవిడకి ముందే తెలియాలి. నాన్నగారిని ఒప్పించే పని మీరు నెత్తిన వేసుకోవద్దు. దాత పరీక్షలకి ముందు ఇద్దరినీ కలిపి నెఫ్రాలజిస్ట్ దగ్గర కూర్చోబెట్టండి. పిల్లలు చెబితే వినని మాట తెల్లకోటు చెబితే వినే మగవాళ్ళు చాలామంది ఉన్నారు.

మార్పిడితో జబ్బు పూర్తిగా పోతుందని మాత్రం చెప్పకండి. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, తక్కువ మోతాదులో స్టెరాయిడ్ వంటి మందులు జీవితాంతం, ఒక్క పూట తప్పకుండా వేసుకోవాలి. వాటివల్ల షుగర్ పెరగవచ్చు, ఇన్ఫెక్షన్లు త్వరగా అంటుకుంటాయి. ఈ మందుల బెడద తప్పించడానికే మూలకణాలూ కిడ్నీ మార్పిడీ నిజంగా కలిసి పనిచేస్తున్నాయి, నాన్నగారికి ఆసక్తి ఉంటే ఇది వినిపించండి. ఒకే దాత నుంచి కిడ్నీతోపాటు రక్తం పుట్టించే మూలకణాలూ ఇస్తే, పేషెంట్ శరీరం ఆ కిడ్నీని సొంతదిగానే చూడడం నేర్చుకుంటుంది. 2008లో బోస్టన్, స్టాన్‌ఫర్డ్ బృందాలు కొందరు పేషెంట్లకి మందులు పూర్తిగా ఆపగలిగాయి. 2022లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఒక అరుదైన వంశపారంపర్య జబ్బు ఉన్న ముగ్గురు పిల్లలకి ముందు తల్లి లేదా తండ్రి మూలకణాలు, తర్వాత వాళ్ళదే కిడ్నీ ఇచ్చి మందులు మాన్పించారు. పద్ధతి కఠినమైనది, ముందు సొంత మజ్జని అణచాలి కాబట్టి ఇంకా అందరికీ చేసేది కాదు.

బొడ్డుతాడు రక్తం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అందులో ఉండేవి రక్తాన్ని పుట్టించే మూలకణాలు, 1988లో పారిస్‌లో ఒక రక్తజబ్బు ఉన్న బాబుకి మొదటిసారి వాడారు. లుకేమియా వంటి జబ్బుల్లో ఇప్పటికీ విలువైనవే. వాటితో తాతయ్య కిడ్నీ బాగుపడదు. ఇంట్లో అలాంటి రక్తజబ్బు ఉన్న పిల్లలుంటే తప్ప ప్రైవేటు బ్యాంకులో దాచమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా సిఫారసు చేయదు. మీ దగ్గర పబ్లిక్ బ్యాంకుకి దానం చేసే వీలుంటే చేయండి, ఎవరికో ఒకరికి అక్కరకొస్తుంది.

ఈ వారమే చేయదగ్గ చిన్న పనులు కొన్ని ఉన్నాయి. నాన్నగారికి హెపటైటిస్ బి టీకా వేయించారా అని అడగండి. మార్పిడి తర్వాత కొన్ని టీకాలు ఇవ్వకూడదు, మరికొన్ని సరిగా పట్టవు, కాబట్టి ఏవేవి మిగిలాయో ఇప్పుడే చూసుకోవాలి. నొప్పి మాత్రలు, పేరు తెలియని మూలికా మందులు పూర్తిగా మాన్పించండి, మిగిలిన ఆ 13 శాతాన్ని తినేసేవి చాలాసార్లు అవే. అలాగే ఆయన ఏ చేత్తో రాస్తారో చూసి, రెండో చేతి నుంచి ఇకమీదట రక్తం తీయనివ్వకండి, సెలైన్ సూది గుచ్చనివ్వకండి. ఒకవేళ డయాలసిస్ మధ్యలో అవసరమైతే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలని కలిపి చేసే ఏర్పాటు) వేయడానికి ఆ చేతి రక్తనాళాలే కావాలి. ల్యాబులో రక్తం తీసేవాళ్ళు అడగరు, ఆయనే ముందుగా చెప్పి రెండో చెయ్యి చాపాలి.